సుగుణ కుడిచేతి ఇనుము

నేను ఒక ప్లేటును. అన్నం తినే ప్లేటు అనుకుని గిన్నెల వరసలో వెతక్కండి, అక్కడ దొరకను. విరిగిన ఎముకకు బిగించే స్టీలు పట్టీని నేను. పొడవు జానెడుకు తక్కువే, వెడల్పు చూపుడువేలంత, ఒంటి మీద ఎనిమిది రంధ్రాలు. అందులో ఏడింటికి స్క్రూలు ఉన్నాయి, ఒకటి ఖాళీ. ఆ ఖాళీ సంగతి తర్వాత చెబుతాను, ఈ కథంతా దాని మీదే నడిచింది. ప్రస్తుత నివాసం బత్తిని సుగుణ కుడిచెయ్యి. భుజానికీ మోచేతికీ మధ్య, కండ కింద, ఎముక వెనకవైపు ఉంటాను.

నాలాంటివాళ్ల కథలు అన్నీ ఒకేలా ముగుస్తాయి. ఎముక అతుక్కుంటుంది, ఇంక నీతో పనేముంది అంటారు, కోసి బయటికి తీస్తారు, గిన్నెలో ఠంగుమని పడేస్తారు. అక్కణ్నించి తుక్కుసంచీలోకి. నన్నూ అలాగే పంపాలని చూశారు. ఊరికే అనుకోవడం కాదు, ఆఫీసు కాగితం మీద సంతకం పెట్టి, ముద్ర కొట్టి మరీ చూశారు. నేను పోలేదు. ఎందుకు పోలేదో చెబుతాను వినండి. మధ్యలో కోపం వచ్చి గొంతు పెంచితే ఏమీ అనుకోకండి, నా పుట్టుకే అలాంటిది.

పుట్టింది ఓ పారిశ్రామికవాడలో, రేకుల షెడ్డులో. నాతోపాటు వచ్చిన ఉక్కులో కొంత ఎక్కడెక్కడికో పోయింది. గిన్నెలు, గరిటెలు చేసే స్టీలుకు మేము దూరపు చుట్టాలమే కానీ వాటికి లేని చదువు మాకుంది. ఒంట్లో ఏళ్లతరబడి నెత్తురులో నానినా తుప్పు పట్టకూడదు, అదీ మా చదువు. నన్ను కోశారు, రంధ్రాలు తొలిచారు, అంచులు అరగదీశారు. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఓ నడివయసు ఆవిడ నన్ను పాలిషుచక్రానికి ఆనించి, తిప్పి తిప్పి చూసి, "ఇగ సాలు, పెండ్లికి పోతవా ఏంది" అంది. చివర్లో ఒకాయన భూతద్దం పెట్టి నా ఒళ్లంతా వెతికాడు. గోరు గీసినంత గీత ఉన్నా పక్కన పడేస్తారు. మనుషుల్ని పనిలో పెట్టుకునేటప్పుడు కూడా ఇంత జాగ్రత్తగా చూస్తే బాగుండునని తర్వాత ఆ విద్యుత్ ఆఫీసును చూశాక అనిపించింది నాకు.

జిల్లా కేంద్రంలో ఒక ఆసుపత్రి అలమారలోకి చేరాను. పెళ్లిచూపులకు కూర్చోబెట్టినట్టు నాలుగుసార్లు నన్ను ఆవిరిలో ఉడికించి, ట్రేలో పెట్టి లోపలికి తీసుకెళ్లారు. ఒకసారి పొడుగన్నారు, ఒకసారి పొట్టన్నారు, ఒకసారి ఎముక సన్నమన్నారు, ఒకసారి ఏమీ అనకుండానే పక్కదాన్ని తీసుకున్నారు. ప్రతిసారీ అలమారకు తిరిగొచ్చేదాన్ని. బాధ లేదని అబద్ధం చెప్పను.

అయిదోసారి సుగుణ వచ్చింది.

సుగుణకు అప్పటికి ఇరవయ్యారేళ్లు. రేగులకుంట విద్యుత్ సెక్షన్‌లో జూనియర్ లైన్‌వుమన్. ఆ సెక్షన్‌లో ఆ ఉద్యోగానికి వచ్చిన మొదటి ఆడపిల్ల. "అంటే ఆఫీసులో ఫోన్లెత్తుడా?" అని అడిగినవాళ్లకు ఆమె ఒకటే చెప్పేది. "కాదు, మీ ఇంట్ల కరెంటు పోతే స్తంభమెక్కుడు." తండ్రి తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. ఆయన మోకుతాడు పట్టుకుని వెనకాల తిరుగుతూ పెరిగిన పిల్ల. ఉద్యోగపరీక్షలో ఎనిమిది మీటర్ల స్తంభం నిమిషంలో ఎక్కి దిగాలంటే, దిగి, "ఇంకా టైముందా సార్?" అని అడిగిందట. ఈ మాట ఆమె చెప్పలేదు, వాళ్లమ్మ లచ్చవ్వ ఆసుపత్రి వరండాలో పక్కమంచం వాళ్లకు రోజుకు నాలుగుసార్లు చెప్పింది.

మరి ఆ చెయ్యి ఎలా విరిగింది? స్తంభం మీంచి పడిందనుకుంటున్నారు కదూ. కాదు. బెంచీ మీద కూర్చుని విరగ్గొట్టుకుంది.

దసరాకు ముందురోజు సెక్షన్ ఆఫీసులో ఆయుధ పూజ. కటింగ్ ప్లేర్లు, తాళ్లు, బెల్టులు, నిచ్చెన, ఎర్తింగ్ గొలుసులు అన్నీ కడిగి, బల్లమీద వరసగా పేర్చి, పసుపు రాసి బొట్లు పెడతారు. అందరికంటే పెద్దవాడు లైన్ ఇన్‌స్పెక్టర్ పోశెట్టి. బొట్టు పెట్టే పని ఆయనది. పూజ అయ్యాక ఆ పూట పనిముట్లు ముట్టుకోరు, అత్యవసరమైతే తప్ప. పని లేని మగవాళ్లు ఎంతసేపని ఊరుకుంటారు? బల్లమీద మోచేతులు ఆనించి, అరచేతులు కలిపి, ఎదుటివాడి చెయ్యి పడగొట్టే పందెం మొదలెట్టారు. లైన్‌మన్ తిరుమలేశ్ ముగ్గుర్ని పడగొట్టి మీసం దువ్వాడు.

"ఇంకెవరన్న ఉన్నరా మొగోళ్లు?" అన్నాడు.

"మొగోళ్లు అయిపోయిన్రు గని, నేనున్న," అని సుగుణ ఎదురుగా కూర్చుంది.

రెండు నిమిషాలు ఎవరి చెయ్యీ కదల్లేదట. తర్వాత తిరుమలేశ్ చెయ్యి కొంచెం వాలింది. వాడికి పరువు పోతుందన్న భయం పట్టుకుంది, ఒళ్లంతా వేసి మెలితిప్పాడు. ఈవిడ వదిలితేగా! ఎండుకట్టె విరిగినట్టు ఓ చప్పుడు వచ్చింది. ఈ పందెంలో పైచెయ్యి ఎముక మెలితిరిగి విరగడం మా వృత్తిలో కొత్తేం కాదు, డాక్టర్లు చూస్తూనే ఉంటారు. కానీ చెయ్యి విరిగిన మనిషి మొదట ఏమంటుంది? అమ్మా అంటుంది. సుగుణ ఏమందో తెలుసా?

"సూడుర్రి, నా చెయ్యి బల్లకు ఆనలే. నేను ఓడలే."

అన్నాకే కళ్లు తిరిగి పడిపోయింది. లేచి చూసుకుంటే మణికట్టు కిందికి వేలాడుతోంది. వేళ్లు లేపుదామంటే లేవడం లేదు. పోశెట్టి రెండు చేతులూ జోడించి పనిముట్ల వైపు దండం పెట్టాడు. "ఆయుధ పూజ నాడు చెయ్యి ఇరిగింది. అమ్మోరు ఒద్దంటున్నది బిడ్డా," అన్నాడు. తప్పు చేసింది తిరుమలేశ్, మధ్యలో అమ్మవారినెందుకు లాగడం?

డాక్టర్ రఫీయుద్దీన్ ఎక్స్‌రే దీపానికి పెట్టి చూశాడు. ఎముక మోచేతికి కాస్త పైన ఏటవాలుగా చీలింది. సరిగ్గా అక్కడే మణికట్టును పైకెత్తే నరం ఎముకను చుట్టుకుని కిందికి దిగుతుంది. అది నలిగింది, లేక తెగింది. కోసి చూస్తే కానీ తెలియదు.

"సార్, నేను మల్ల స్తంభం ఎక్కుతనా?" అని అడిగింది సుగుణ.

"మొదలు బొటనవేలు లేపమ్మా. తర్వాత స్తంభం సంగతి చూద్దాం," అన్నాడాయన.

ఆమె లేపబోయింది. లేవలేదు. ముఖం పక్కకు తిప్పుకుంది. ఆ మరుసటి పొద్దున నన్ను అయిదోసారి ట్రేలో పెట్టారు.

లోపల మొదట నా కంటబడింది ఆ నరమే. తెగలేదు! నలిగి, కమిలి, విరిగిన ముక్కల మధ్య ఇరుక్కుని ఉంది. సేమ్యా పోగుకంటే కాస్త లావు. ఇంత సన్నటి దాని మీదా మనిషి చెయ్యి ఆధారపడింది అని ఆశ్చర్యపోయాను. డాక్టర్ దాన్ని పువ్వును పట్టినట్టు పక్కకు తప్పించి, ఎముక ముక్కలు రెండూ కలిపి, నన్ను ఆనించి చూశాడు. సరిపోలేదు. రెండు పనిముట్ల మధ్య పెట్టి నన్ను వంచాడు. జీవితంలో నేను వంగింది ఆ ఒక్కసారే. సుగుణ ఎముక వంపుకు తగ్గట్టు వంగాను, మళ్లీ ఎవరికోసమూ వంగలేదు. తర్వాత నన్ను నరం కిందుగా జార్చి స్క్రూలు బిగించారు. ఏడుగురూ మొండివాళ్లే, పేరుపేరునా పరిచయం చేయను. ఎముక చీలిక మీద పడ్డ నాలుగో రంధ్రాన్ని మాత్రం ఖాళీగా వదిలేశారు. నరాన్ని తిరిగి తన దారిలో పడుకోబెడితే అది సరిగ్గా ఆ నాలుగో రంధ్రం మీద వచ్చి పడింది.

"రాయండి," అన్నాడు డాక్టర్ పక్కనున్నవాళ్లతో. "నరం నాలుగో రంధ్రం మీదుగా పోతున్నది. రేపు ఎవరన్న ఈ ప్లేటు తీయాలని కోస్తే ముందుగాల ఈ మాట చదువుకోవాలె."

చీకటి పడింది నాకు. కుట్లు వేసేశారు. అప్పట్నుంచి నాకూ సుగుణకూ మధ్య దాపరికాలు లేవు.

మూడు నెలలు ఆ చెయ్యి మణికట్టు దగ్గర వేలాడుతూనే ఉంది. పట్టీ కట్టి, స్ప్రింగు పెట్టి నిలబెట్టేవారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ ఓ చెయ్యి వేశారు. ఒకరు నూనె తెచ్చారు, ఒకరు తాయెత్తు తెచ్చారు, ఒకరు "ఆడపిల్లకు స్తంభాలెందుకే" అన్న పాత పాట తెచ్చారు. లచ్చవ్వ నూనె తీసుకుంది, మిగతావి వెనక్కి పంపింది. నాలుగో నెలలో ఓ పొద్దున సుగుణ అరుగు మీద ఎండలో కూర్చుని, ఒడిలో చెయ్యి పెట్టుకుని, రోజూలాగే బొటనవేలితో పోట్లాడుతోంది. నా మీద పడుకున్న నరం జిల్లుమంది. ఆమెకంటే ముందు నాకే తెలిసింది. చచ్చిన లైనులోకి కరెంటు వచ్చినట్టే, సందేహం లేదు. బొటనవేలు బియ్యపు గింజంత లేచింది.

"అమ్మా, ఇటు రా," అని పిలిచింది. "ఏం మాట్లాడకు. గిది సూడు."

మళ్లీ లేపింది. లచ్చవ్వ చూసి, ఏమీ మాట్లాడకుండా లోపలికి పోయి గట్టిగా ఏడ్చింది. నాకు కన్నీళ్లు రావు కాబట్టి బతికిపోయాను.

ఇంక ఆగిందా? వేపకొమ్మకు తాడు కట్టి లాగింది. బిందెతో నీళ్లు ఎత్తింది. ప్లేరుతో పాత తీగలు తెంపి తెంపి కుప్ప పోసింది. ఏడో నెలలో, డాక్టర్ "ఎముక అతికింది, చెయ్యి బాగుంది, అన్ని పనులకూ పనికొస్తుంది" అని రాసిచ్చిన కాగితం పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది.

అక్కడ ఏఈ వంశీధర్ కొత్తగా వచ్చిన కుర్ర ఇంజనీరు. చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆయన ఆ కాగితం చదువుతుంటే పక్కనే పోశెట్టి గొంతు సవరించుకున్నాడు.

"సార్, ఈ పిల్ల చేతుల గింత ఇనుపముక్క ఉన్నది. ఇనుము కరెంటును పిలుస్తది. మల్లేశం సంగతి మీకు తెల్వది. నా జతగాడు. వాని ఏలుకు వెండుంగరం ఉండె. స్తంభం మీదనే పాణం పోయింది. గా ఉంగరమే వాణ్ని మింగింది. ఈమెకు ఉంగరం గాదు, గడ్డపారంత ఉన్నది లోపల."

గడ్డపార! నన్ను! పోనీ, కొలతల సంగతి వదిలేద్దాం. కరెంటుకు ఇనుమే కావాలని ఎవరు చెప్పారండీ ఈయనకు? తడిచర్మం చాలు, నెత్తురు చాలు. నేనున్నా లేకున్నా మనిషి ఒళ్లంతా దానికి దారే. కండ కింద, తోలు కింద నిద్రపోతున్న నన్ను అది వాసన పట్టుకుని వెతుక్కుంటూ వస్తుందా? ముప్పయ్యేళ్లు కరెంటుతో కాపురం చేసిన మనిషి ఈ మాట అన్నాడంటే నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పైగా అన్నప్పుడు ఆయన ముంజేతికి ఉన్నదేమిటి? వేలెడు లావు రాగి కడియం! మల్లేశం పోయాక రక్షణ కోసమని ఎవరో ఇస్తే వేసుకున్నాడు, మరి తీయలేదు.

ఏఈ పైకి రాసి, కిందికి రాసి, చివరికి ఉత్తర్వు ఇచ్చాడు. శరీరంలోని లోహపు ప్లేటును తొలగించుకుని ధ్రువపత్రం సమర్పించేవరకు బత్తిని సుగుణ స్తంభం ఎక్కరాదు, ఫిర్యాదుల ఫోను దగ్గర పని చేయాలి.

ఆమె ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి పరుగెత్తింది.

"తీయొచ్చు," అన్నాడాయన. "ఎముకకు ఇప్పుడు దీని అవసరం లేదు. కానీ నరం ప్లేటు మీదనే పడుకున్నదమ్మా. చుట్టూ మచ్చకండ పెరిగి అతుక్కుని ఉంటది. లేపితే ఎట్ల లేస్తదో నేను చెప్పలేను. మంచిగనే లేవొచ్చు. మళ్ల మణికట్టు పడిపోవచ్చు కూడా. ఈసారి పడితే తిరిగి వస్తదని మాట ఇవ్వలేను. నొప్పి లేదు, చీము లేదు, ఎందుకు కదిలించుడు?"

తీయించుకుంటే చెయ్యి పోవచ్చు. తీయించుకోకపోతే స్తంభం పోయినట్టే. ఇదీ ఆమె ముందున్న లెక్క. ఆ రాత్రంతా ఎడమచేత్తో నన్ను తడుముతూ పడుకుంది. పైనుంచి తోలు మీద ఆమె వేళ్లు, లోపల నేను. తీయించుకో అంటే తీయించుకునేదేమో. అనేందుకు నాకు నోరు లేదు, ఉన్నా అననుగాక అనను. పొద్దున్నే లేచి లచ్చవ్వతో, "తీయిచ్చుకోను. స్తంభం ఇడువను. రెండూ నాయే," అంది.

అలా అన్నది కానీ, మూడు నెలలు ఫోను ముందే కూర్చుంది. "సర్వీసు నంబరు చెప్పుర్రి," "ఆ, మనిషిని పంపిస్తం," అంటూ. పంపే మనిషి తను కాదు. ప్రతి సోమవారం డాక్టర్ కాగితం నకలు ఒకటి ఏఈ బల్లమీద పెట్టేది. ప్రతి సోమవారం ఆయన దాన్ని ఫైల్లో పెట్టేవాడు. ఫైలు లావెక్కింది. పక్కగదిలో పోశెట్టి కనబడితే "కాకా, టీ తాగినవా?" అని అడిగేది, ఆయన తల దించుకుని పోయేవాడు. ఎముక అతికింది కదా, ఈ ప్లేటుకు ఇంక పనేముంది అని అక్కడ ఒకరిద్దరు అనగా విన్నాను. పని లేనివాళ్లనల్లా తీసేస్తూ పోతే ఆ ఆఫీసులో ఎంతమంది మిగులుతారో వాళ్లు ఆలోచించినట్టు లేదు.

శ్రావణంలో ఓ ఉదయం ఊరి బయట స్తంభం మీద రెండు తీగల్ని కలిపే ముక్క కాలి తెగిపోయింది. నాట్ల రోజులు. మోటార్లన్నీ ఆగిపోయాయి. రైతులు ఫోను మీద ఫోను. పదో ఫోనుకు సుగుణ రిసీవరు పక్కన పెట్టి, గోడకు వేలాడుతున్న తన బెల్టు తీసుకుని, బండెక్కి అక్కడికే వెళ్లింది.

స్తంభం కింద ఏఈ, పోశెట్టి, తిరుమలేశ్, ఇంకో ఇద్దరు లైన్‌మెన్, చుట్టూ పాతికమంది రైతులు. తిరుమలేశ్ బెల్టు బిగించుకుంటున్నాడు. సుగుణ నేరుగా వెళ్లి ఏఈ ముందు నిలబడింది.

"సార్, ఆర్డరు మీదే. ఒంట్లె లోహం ఉన్నోళ్లు స్తంభం ఎక్కొద్దు. ఆఫీసు గోడ మీద బోర్డు గూడ అదే చెప్తది. ఉంగరాలు, గొలుసులు, కడియాలు తీసి పని చెయ్యాలని. అందరికీ ఒకటే కానూను గదా సార్?"

"అవును," అన్నాడు ఏఈ, మాట ఎక్కడికి పోతోందో తెలియక.

ఆమె మెడలో తువ్వాలు తీసి గడ్డి మీద పరిచింది. "ఎక్కేటోళ్లు ఒంటి మీదియి తీసి దీంట్ల పెట్టుర్రి. తిరుమలేశ్ అన్నా, నువ్వే ముందుగాల."

తిరుమలేశ్ మెడలో గొలుసు తీశాడు. రాగిరేకు చుట్టిన తాయెత్తు తీశాడు. ఉంగరం రాలేదు. పెళ్లప్పటిది, పెళ్లి తర్వాత ఒళ్లొచ్చింది. ఓ రైతు బావి దగ్గర్నుంచి సబ్బు తెచ్చాడు. రుద్దారు, లాగారు, ఒకాయన దారం చుట్టమన్నాడు. వేలు ఎర్రబడింది కానీ ఉంగరం కదల్లేదు. "నడుముకు వెండి మొల్తాడు గూడ ఉన్నదే వీనికి," అని వెనకనుంచెవరో అరిచారు. పాతికమందీ ఒకటే నవ్వు. మిగతా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒకడికి రెండు ఉంగరాలు, ఇంకొకడికి చేతికి బిగిసిపోయిన స్టీలు కడియం, చిన్నప్పట్నుంచీ ఉన్నదట. తువ్వాలు మీదికి చేరినవి కొన్నే, ఒంటి మీద మిగిలినవి ఎక్కువ.

"సార్," అంది సుగుణ. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఉంగరం తోలు మీద ఉన్నది. నాది తోలు కింద ఉన్నది. తీగకు ఏది దగ్గర? గిన్ని రోజులు వీళ్లందరినీ ఎక్కనిచ్చిన్రు. నన్నొక్కదాన్నే ఫోను కాడ కూసోవెట్టిన్రు. ఎందుకో చెప్పి పంపుర్రి, పోత."

భేష్! అరవాలనిపించింది నాకు. ఏడు స్క్రూలూ ఒక్కసారి బిగుసుకున్నాయనుకోండి.

ఏఈ తువ్వాలు వైపు చూశాడు, రైతుల వైపు చూశాడు, ఆమె చేతి వైపు చూశాడు. "ఎల్సీ నీ పేరు మీదే తీసుకో సుగుణా," అన్నాడు.

ఎల్సీ అంటే లైన్ క్లియర్. సబ్‌స్టేషన్‌లో స్విచ్చి తీయించి, ఎవరి పేరున తీసుకున్నారో వాళ్లే తిరిగి చెప్పేదాకా ఆ లైనులోకి కరెంటు వదలకూడదన్న మాట. ఆమె ఫోను చేసింది, పేరు చెప్పింది, అవతలివాడు రాసుకుని స్విచ్చి తీశానన్నాడు. బెల్టు బిగించుకుని స్తంభం మీద చెయ్యి వేసేసరికి పోశెట్టి వచ్చి ఆ చేతినే పట్టుకున్నాడు. ఆయన బొటనవేలు సరిగ్గా నా మీద పడింది. వణుకుతోంది.

"ఒద్దు బిడ్డా. నీకు దండం బెడ్త. మల్లేశాన్ని నేనే ఎక్కిచ్చిన. నా కండ్ల ముందటనే..."

అప్పటిదాకా నేను ఈయన్ని తిట్టుకుంటూనే ఉన్నాను. ఆ బొటనవేలి వణుకు తెలిసేసరికి నా నోరు పడిపోయింది. ఇది పొగరు కాదు, భయం. ఈయన నిజంగానే ఈ పిల్ల చచ్చిపోతుందనుకుంటున్నాడు.

సుగుణ చెయ్యి విడిపించుకోలేదు. "ఎక్కిచ్చినప్పుడు గొలుసు ఏసినవా కాకా?" అని నెమ్మదిగా అడిగింది.

గొలుసంటే ఎర్తింగ్ గొలుసు. స్విచ్చి తీసినా సరే, పొడవాటి కర్రతో దాన్ని తీగలకు తగిలించి, రెండో కొస భూమిలో దిగ్గొట్టిన రాడ్డుకు కట్టాలి. ఎక్కణ్నించైనా దొంగకరెంటు వస్తే మనిషిలోకి పోకుండా భూమిలోకి పోతుంది. అది వేయకుండా ఎక్కకూడదు.

పోశెట్టి ఆమె చెయ్యి వదిలేశాడు.

"ఏయలే," అన్నాడు. "ఎల్సీ ఉన్నది గదా, లైను సచ్చిందే గదా అన్న. జల్ది ఎక్కుమన్న. రైసుమిల్లోడు జనరేటరేసిండు. ఆ కరెంటు ఎనుకనుంచి లైన్లకొచ్చి కొట్టింది." ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు. "అందరూ ఉంగరమన్నరు. నేను గూడ ఉంగరమే అన్న."

ఇరవయ్యేళ్లుగా ఆ ముసలాయన ఓ ఉంగరం మీద నేరం మోపి బతుకుతున్నాడు. దొరికిన ఇనుమునల్లా అనుమానిస్తూ బతుకుతున్నాడు. తన తప్పు వైపు చూడలేక నా వైపు చూశాడు. కోపం రావాలి నాకు. రాలేదు.

సుగుణ వంగి గొలుసు తీసి ఆయన చేతుల్లో పెట్టింది. "నువ్వే ఎయ్యి కాకా. నువ్వు ఏసినంకనే ఎక్కుత."

ఆయన కళ్లు తుడుచుకున్నాడు. కడియం తీసి జేబులో వేసుకున్నాడు. రాడ్డు దిగ్గొట్టాడు, గొలుసు కొస కట్టాడు, లాగి చూశాడు, మళ్లీ విప్పి మళ్లీ కట్టాడు. కర్ర ఎత్తి మూడు తీగలకూ ఒక్కొక్కటే తగిలించాడు. కొక్కెం తగిలిన ప్రతిసారీ ఠక్కున వినిపించింది. అన్నీ అయ్యాక రెండోసారి మొదట్నుంచి తనిఖీ చేశాడు. రైతుల్లో ఒకడు "జల్ది కానియ్యే తాతా, నారు ఎండుతున్నది," అన్నాడు. పోశెట్టి వాణ్ని చూసిన చూపుకు వాడు మళ్లీ నోరెత్తలేదు.

"ఇగ ఎక్కు బిడ్డా," అన్నాడు.

ఎక్కింది. పది నెలల తర్వాత! అడుగు, పట్టు, అడుగు, పట్టు. పట్టు పట్టినప్పుడల్లా కండ నామీద బిగిసింది, ఎముక నా కింద గట్టిగా నిలిచింది. గొప్పలెందుకు, బరువంతా ఎముకే మోసింది. నేను దానికి వెన్ను కాసుకుని ఉన్నానంతే. పైకెళ్లి బెల్టు వేసుకుని, కాలిన ముక్క తెంపి కింద పడేసి, కొత్త తీగ చుట్టి బిగించింది. ప్లేరు తిప్పేటప్పుడు మణికట్టు పైకి లేవాలి. లేచింది. నాలుగో రంధ్రం మీద పడుకున్న నరం ఒక్కసారి కూడా తడబడలేదు. అంత ఎత్తున, గాలిలో, ఆ పిల్ల గట్టిగా నవ్వింది. కింద ఎవరికీ వినబడలేదు, నేను విన్నాను.

దిగి, గొలుసు తీయించి, అందర్నీ ఒకసారి లెక్క చూసుకుని, తన పేరున ఉన్న ఎల్సీ తనే వాపసు చెప్పింది. మోటార్లు మొదలయ్యాయి. రైతులు ఎవరి పొలాలకు వాళ్లు పరుగెత్తారు, ఒక్కరూ మెచ్చుకోలు మాట అనలేదు. ఉత్తర్వు రద్దయింది. రద్దు కాగితంలో "ప్రత్యేక పరిస్థితుల దృష్ట్యా" అని రాశారు. తప్పైపోయింది అని రాయడానికి ఆఫీసుల్లో వేరే మాట లేదు కాబోలు.

మళ్లీ దసరా వచ్చింది.

బల్లమీద పనిముట్లు వరసగా పేర్చారు. ప్లేర్లు, తాళ్లు, బెల్టులు, గొలుసులు. ఈసారి గొలుసుల్ని పోశెట్టే దగ్గరుండి కడిగాడు, వరసలో మొట్టమొదట వాటినే పెట్టాడు. పళ్లెం పట్టుకుని ఒక్కోదానికీ బొట్టు పెట్టుకుంటూ వస్తున్నాడు. సుగుణ చొక్కా చెయ్యి భుజం దాకా మడిచి, కుడిచెయ్యి తీసుకెళ్లి బల్లమీద ఆ వరస చివర పెట్టింది. పొడుగ్గా, మచ్చ పైకి కనబడేలా.

తిరుమలేశ్ నవ్వబోయి మానుకున్నాడు. ఏఈ కాగితాల్లో తల దూర్చాడు. పోశెట్టి ఆగిపోయాడు. ఆమె చెయ్యి పక్కన ఆయన సొంత ప్లేరు ఉంది. దాన్ని కొంచెం పక్కకు జరిపి చోటు చేశాడు.

"ఏడ పెట్టాలె బిడ్డా?" అన్నాడు.

సుగుణ ఎడమచేతి వేలితో చూపించింది. మచ్చ మధ్యలో, సరిగ్గా నాలుగో రంధ్రం మీద. స్తంభం కింద నా మీద పడి వణికిన ఆ బొటనవేలే తడికుంకుమతో వచ్చి అక్కడ ఆనింది. ఈసారి వణకలేదు. నన్ను తుక్కులో వేయమన్న మనిషి నాకు బొట్టు పెట్టాడు. కండ దాటి, నరం దాటి, ఆ చల్లదనం నా దాకా వచ్చిందంటే మీరు నమ్మకపోతే మానేయండి.

పూజ అయింది. కొబ్బరి పంచారు. సుగుణ బెంచీ మీద కూర్చుని, కుడి మోచెయ్యి బల్లకు ఆనించి, అరచెయ్యి తెరిచింది.

"పోయినేడు ఆట సగంల ఆగింది. నా చెయ్యింక పడలే. వస్తరా ఎవరన్న?"

తిరుమలేశ్ రెండు చేతులూ వెనక్కి దాచుకున్నాడు. మిగతావాళ్లకు ఉన్నట్టుండి బయట పని గుర్తొచ్చింది. డాక్టర్ చూస్తే ఆమెనూ నన్నూ కలిపి చీవాట్లు పెట్టేవాడు. కానీ నేను సిద్ధమే, రమ్మనండి ఎవరొస్తారో.

వచ్చింది పోశెట్టి. పళ్లెం కింద పెట్టాడు. మళ్లీ వేసుకున్నాడో ఏమో, రాగి కడియం తీసి బల్లమీద ప్లేరు పక్కన పెట్టాడు. ఆమెకు ఎదురుగా కూర్చుని, మోచెయ్యి ఆనించి, అరచెయ్యి కలిపాడు.

"చిన్నగ పట్టు బిడ్డా," అన్నాడు. "నా దాంట్ల ఇనుము లేదు."